చెవుల్లో దూది

మొన్న పొద్దున, ఇప్పుడు మేముంటున్న పటేల్‌గూడలో మా పక్కింటాయన, బూటు కనిపించలేదని కొడుకు మీద అరుస్తుంటే, చాయ్ పోస్తున్న నా భార్య చెయ్యి ఒక్క క్షణం ఆగింది. నాకు ఒకప్పటి పటాన్‌చెరు కిరాయి ఇంట్లోని నా గొంతే వినబడింది.

అప్పట్లో నేను ఇనుప రేకులను అచ్చులు కొట్టే ప్రెస్ షాపులో పనిచేసేవాణ్ణి. నా ఈడు వాళ్లలో చాలామందికి తెలిసే ఉంటుంది, ఆ మోతలో పక్కవాడితో మాట్లాడాలంటే సైగలైనా చేయాలి, గొంతైనా చించుకోవాలి. చెవుల్లో దూది కుక్కుకుని పనిలోకి దిగితే షిఫ్టు అయ్యేదాకా తీసేది లేదు. ఆ గొంతుతోనే ఇల్లు చేరి, కూరలో ఉప్పు తగ్గినా, చెప్పులు అడ్డంగా పడి ఉన్నా, వాడంతా వినబడేలా అరిచేవాణ్ణి. "ఏందయ్యా, ఇంట్ల ఏ మిషిన్ నడుస్తున్నదని గట్ల ఒర్రుతున్నవ్?" అని నా భార్య ఎన్నిసార్లు అన్నదో. చెవులు మొద్దుబారాయి, నేనేం చేయనని సాకు చెప్పేవాణ్ణి. అది అబద్ధమని నాకు తెలుసు. సూపర్‌వైజర్ ముందు నా గొంతు ఎప్పుడూ మెత్తగానే ఉండేది.

ఒకనాటి సాయంత్రం నేను స్కూటర్ నిలిపి లోపలికి వచ్చేసరికి, రెండో తరగతి చదువుతున్న మా బిడ్డ గోడవైపు తిరిగి ఏదో రాసుకుంటూ, ఎంత పిలిచినా పలకలేదు. కోపంగా దగ్గరికి పోయి చూస్తే, దాని రెండు చెవుల్లోనూ నా సంచిలోని దూది. ఏందది అని గద్దించాను. ఒక చెవిలోది మాత్రం తీసి, "నువ్వు గూడ మిషిన్ కాడ పెట్టుకుంటవ్ గద బాపూ" అంది, బువ్వ తిన్నానని చెప్పినంత మామూలుగా.

ఆ రోజే మారిపోయానని చెప్పుకోలేను. అప్పట్నుంచి షిఫ్టు దిగాక ఫ్యాక్టరీ గేటు ముందరి చాయ్ హోటల్లో చెవుల్లోని హోరు తగ్గేదాకా కూర్చునేవాణ్ణి. "ఇంటికి వోవాలంటే భయమైతుందా అన్నా?" అని తోటివాళ్లు ఆటపట్టిస్తే, అవునని నేనూ నవ్వేవాణ్ణి. అయినా నాలుగు రోజులు తిరక్కుండానే మళ్లీ అరిచి, మళ్లీ ఆ పిల్ల ముందు తలదించుకున్న సందర్భాలు ఎన్నో. కోపం వచ్చినప్పుడు నోరు తెరవకుండా లేచి బయటికి పోవడం నాకు అలవాటయ్యేసరికి బిడ్డ పదో తరగతికి వచ్చింది.

ఆ ప్రెస్ షాపు మూతపడి ఏళ్లయింది. నేను ఇంట్లో గొంతెత్తీ ఏళ్లయింది, మా మనవరాలైతే తాతకు కోపమే రాదనుకుంటుంది. బిడ్డ మాత్రం ఇప్పటికీ కంది ఊళ్లోని తన ఇంటి నుంచి ఫోన్ చేస్తే, ముందు తల్లినే మెల్లగా అడుగుతుంది, "అమ్మా, బాపు కోపంల లేడు గద?" అని. పక్కనే కూర్చున్న నేను ఆ మాట విననట్టే ఉండి, ఫోన్ నా చేతికి వచ్చేదాకా ఎదురుచూస్తాను.