జమేదారు కర్ర చూపిన దిక్కు

పట్నంలో ఎవరి సొమ్ము పోయినా కరీంనగర్ ఠాణా జమేదారు కర్ర మా వాడ వైపే లేచేది. ఊరి శివారులో, మగ్గాల చప్పుడు మొదలయ్యే చోట ఉండేవాళ్లం మేము. "దొంగలంత గా దిక్కే ఉంటరు" అనేవాడు, వాన వచ్చేలా ఉందన్నంత తేలిగ్గా.

ఒకసారి మా మగ్గం మీది చీరను ఎవరో కోసుకుపోయారు. అవ్వ ఠాణాకు పోయి చెప్పుకుంటే ఆయన కుర్చీలోంచి లేవనైనా లేవలేదు.

"మీ దిక్కు గివి మామూలే గదనే. పో."

ఆ వారమే పట్నంలో ఒక వకీలు ఇంట్లో వెండి చెంబు కనబడలేదు. జమేదారు వెంటనే మా ఇంటికి వచ్చి, మగ్గం ముందే బాపును చేతులు వాచేలా కొట్టాడు. సాయంత్రానికి ఆ చెంబు వకీలు ఇంట్లోనే, బియ్యం గుమ్మిలో దొరికింది. బాపు నెల దాకా నేయడానికి నాడె పట్టలేకపోయాడు.

తర్వాత పై అధికారి తనిఖీకి మా వాడకు వచ్చాడు. జమేదారు కర్ర మళ్లీ మా ఇళ్ల మీదుగా తిరిగింది.

"పట్నంల నేరాలు తగ్గినయి సాబ్. ఉన్నయన్ని గీ శివార్లనే."

అది అబద్ధమని ఎట్లా అనను? ఆ వారం మా ఇంట్లోనే రెండు నేరాలు జరిగాయి. ఒకటి ఎవరు చేశారో ఇప్పటికీ తెలియదు. రెండోది ఆ కర్రతోనే జరిగింది.