పిలిస్తే పలికిన ప్రింటర్

ఒక్క నంబరుతోని రెండొందల మంది పిల్లల పరీక్షని గండంల పెట్టిన మొనగాణ్ణి నేను. నవ్వుకోరి, నాకేం ఫికర్ లేదు. ఇప్పటికే సగం సికింద్రాబాద్ నవ్వింది.

మారేడ్‌పల్లిల ఒక కాలేజీ. అండ్ల కంప్యూటర్లు చూసుకునే కొలువు నాకు కొత్తగ దొరికింది. పెద్ద కంప్యూటర్లు నడిపే యూనిక్స్ వచ్చన్న పొగరు నెత్తికెక్కి ఉండె. ఆ పొద్దు రెండింటికి పరీక్ష. పన్నెండైనా హాల్‌టికెట్లు ప్రింటైతలేవు. పిల్లలంత బయట నిలబడ్డరు, ఎగ్జామ్ సెక్షన్ పద్మ మేడం నా నెత్తి మీద నిలబడ్డది.

"ఏందయ్యా, ఎప్పుడొస్తయ్?"

"ప్రింటర్ మంచిగనే ఉంది మేడం. చూడుండ్రి, పింగ్ కొడుతున్న."

పింగ్ అంటే ఏం లేదు. నెట్‌వర్క్‌ల ప్రతి మిషన్‌కి ఇంటి నంబరు లెక్క ఒక నంబరుంటది. ఆ నంబరుని "ఉన్నవా?" అని అడిగితే "ఉన్న" అనాలె. నేను అడుగుడే ఆలస్యం, టకటక పలుకుతుంది. ప్రింటు పంపితే మాత్రం ఉలుకు లేదు, పలుకు లేదు.

ఆగిపోయిన ప్రింట్ల క్యూ ఖాళీ చేసిన. సర్వర్ బంద్ చేసి షురూ చేసిన. అవతల గేటు కాడ వేలు పెడితే హాజరు వేసే కొత్త మిషన్ "మళ్ళీ ప్రయత్నించండి" అని ఎవరికో చెప్తుంటే, నాకే అనుకొని మళ్ల ప్రింటు పంపిన.

"పలుకుతదంటవ్, పని చెయ్యదంటవ్. అచ్చం మా ఆయన లెక్కనే ఉంది" అనుకుంట మేడం పోయి ప్రింటర్ ప్లగ్గు పీకింది. "ఇప్పుడు పిలువు."

పిలిచిన. "ఉన్న" అన్నది. కరెంటు లేని ప్రింటర్ పలుకుడేందని పీకిన ప్లగ్గు దిక్కు మళ్ల చూసిన.

"నువ్వు పిలిచేది ఎవర్నో జెర చూసుకో నాయినా" అన్నది మేడం.

అప్పుడు యాదికొచ్చింది. నిన్న సాయంత్రం ఆ హాజరు మిషన్ బిగించింది నేనే. దానికి నోటికొచ్చిన నంబరిచ్చింది సుత నేనే. అది ప్రింటర్ నంబరు; ఒక్క నంబరుకి రెండు మిషన్లైతే రెండూ సరిగ పనిచెయ్యవు. పిలిస్తే పలికేటోడు దేవుడంటరు గదా, నాకు పలికింది గేటు కాడి మిషన్.

ఉరికి పోయి దాని నంబరు మార్చిన. మేడం ప్లగ్గు పెట్టంగనే హాల్‌టికెట్లు బడబడ వచ్చినయ్. పిల్లలు పరీక్షకి అందుకున్నరు, నా పాణం కుదుటపడ్డది.

సాయంత్రం ప్రిన్సిపాల్ సార్ పిలిచిండు. చేతిల ఆ దినం హాజరు కాగితం.

"పొద్దుగాల ఆ మిషన్ ఎవ్వరి వేలు తీసుకోలే. నాది సుత. కాలేజీ మొత్తంల ఇయ్యాల వచ్చింది నువ్వొక్కనివే."

"నేను ప్రింటర్ ఆన్ చెయ్యక ముందే వేలు పెట్టిన సార్, అప్పటికి మిషన్ మంచిగనే ఉండె."

"మంచిది. అయితే ఈ నాశనం ఎవరు చేసిండ్రని ఎంక్వైరీ అక్కర్లేదు. బిల్డింగుల ఇంకెవ్వరు లేరు."

చేసుకున్నోనికి చేసుకున్నంత అంటరు. నేను చేసుకుంటే కాలేజీ మొత్తానికి తగిలింది. ఆ పొద్దే ప్రింటర్ మీద చెయ్యి పెట్టి ఒట్టేసిన: ఇగ బతికున్నన్ని దినాలు ఏ మిషన్‌కి నంబరియ్యాలన్నా, ముందుగాల ఆ నంబరుని పిలుస్త. ఎవరన్న పలికితే, దండం పెట్టి ఎనక్కి వస్త.