ఖాకీ మీద చున్నీ

ఆపా పోయిందని ఆమె చెల్లెలు ఫోన్ చేసినప్పుడు నేను పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఆటోలో ఉన్నాను. "పొద్దుగాల నమాజుకు లేవలే అక్కా. నిద్రలనే పోయింది," అంది. ఆటో దిగిపోయాను. ఎందుకు దిగానంటే కూర్చోలేకపోయాను, అంతే. ఎర్రమంజిల్ వైపు కొంత దూరం నడిచాక, వెళ్లాల్సింది యూసుఫ్‌గూడ కదా అని గుర్తొచ్చి వెనక్కి తిరిగాను. అప్పటినుంచి ఒకచోట కుదురుగా ఉండలేకపోతున్నాను. ఇది రాస్తూ కూడా మధ్యమధ్య లేచి తిరుగుతున్నాను. మాట అటూ ఇటూ పోతే మీరే సర్దుకోండి.

ఆమె మహిళా కానిస్టేబుల్. నేను కంప్యూటర్ కోర్సు కోసం గుడివాడ నుంచి వచ్చి యూసుఫ్‌గూడలో గది తీసుకుంటే, పక్క గదిలో ఉండేది. అప్పుడు అమీర్‌పేటలో ఖాళీ గోడంటూ లేదు, అన్నిటి మీదా జావా క్లాసుల పోస్టర్లే. డిగ్రీ పాసైన ప్రతివాళ్లూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగమంటూ బస్సు దిగేవాళ్లు. నేనూ అలాగే దిగాను. నా మాట ఆమెకు మహా నవ్వులాట. "ఏంటండీ అంటే ఏంది? గా అండీలు మీ ఊర్ల పెట్టి రా. ఆపా అను చాలు, అక్క అన్నట్టే," అనేది. ఆపా అనడం వచ్చింది కానీ అండీ మాత్రం చాలాకాలం పోలేదు.

డ్యూటీ దిగి వచ్చేటప్పుడు ఖాకీ చొక్కా మీద ఇటుకరంగు చున్నీ కప్పుకునేది. షేర్ ఆటోలో ఖాకీ కనబడితే జనం మాట్లాడటం ఆపేస్తారట. "పక్కన మాటలు లేకుంటే నాకు ఊపిరాడది చెల్లె," అనేది. వీధిలో ఆడవాళ్లు ఏదైనా చెప్పుకోవడానికి వస్తే ముందే అడిగేది: "చున్నీ ఉంచాల్నా, తియ్యాల్నా?" ఉంచమంటే వినేది ఆపా. ఆ మాట గడప దాటదు. తియ్యమంటే వినేది పోలీసు. ఇక ఊరుకోదు, స్టేషన్‌కు నడవాల్సిందే. చాలామంది ఉంచమనేవాళ్లు. ఆమె బెండకాయలు తరుగుతూనో, బియ్యం ఏరుతూనో వినేది. ఎదుటివాళ్ల మొహంలోకి చూసేది కాదు. "మొహం చూస్తే సగం మింగుతరు," అనేది.

కోర్సు అయింది, ఉద్యోగం రాలేదు. అందరిలాగే నేనూ ఒక కన్సల్టెన్సీకి వెళ్లాను. చేయని ఉద్యోగం చేసినట్టు అనుభవం కాగితాలు తయారు చేసిచ్చారు. అమీర్‌పేటలో అది టీ తాగినంత మామూలు. ఆ కన్సల్టెన్సీ నడిపేవాడే, క్లయింట్ ఇంటర్వ్యూ ఉందని శ్రీనగర్ కాలనీలో ఒక ఫ్లాట్‌కు రమ్మన్నాడు. అక్కడ క్లయింటూ లేడు, ఇంకెవరూ లేరు. గడియ పెట్టి నా మీద చేతులు వేశాడు. పెనుగులాడి, కొరికి, చెప్పులు కూడా వదిలేసి బయటపడ్డాను. వాడు వెంట పడలేదు. తలుపు దగ్గరే నిలబడి తాపీగా అన్నాడు: "పోలీసుల దగ్గరికెళ్తే ముందు లోపలికి పోయేది నువ్వే. నీ దొంగ కాగితాలు నా దగ్గరున్నాయి." నేను నమ్మాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ ఎండలో కాళ్లు కాలుతూ, అవును, దొంగని నేనే కదా అనుకుంటూ నడిచాను.

ఆ తర్వాత నాకు కూర్చోవడం చేతకాలేదు. గదిలో ఈ గోడకీ ఆ గోడకీ తిరగడమే. పక్కగదిలోకి వినబడేది కాబోలు, ఒక సాయంత్రం ఆపా తలుపు తట్టింది. "జర ఇటు రా. తిరిగేదేదో మా ఇంట్ల తిరుగు," అంది. వెళ్లాను. "చున్నీ?"

"ఉంచండి."

తిరుగుతూనే చెప్పాను. దొంగ కాగితాలతో సహా అంతా చెప్పాను. ఆమె కూర్చోమనలేదు. ఒక్కదానివే ఎందుకు పోయినవ్ అని అడగలేదు. కత్తిపీట మీద చెయ్యి ఒకసారి ఆగింది, అంతే. అంతా అయ్యాక, "అన్నం తిన్నవా?" అంది. ఏడుపు అప్పుడొచ్చింది.

పోలీసుకు చెప్పాను కదా, ఇక వాడి పని అయిపోయిందనుకున్నాను. వీధిలోకి జీపు వస్తే కిటికీ దగ్గరికి పరుగెత్తేదాన్ని. రోజులు గడిచాయి, ఏమీ జరగలేదు. చివరికి ఆమె మీదే విరుచుకుపడ్డాను. "అంతా విని కూరలు తరుగుతూ కూర్చున్నారేంటి ఆపా? మీరు పోలీసేనా అసలు?"

"నువ్వు ఉంచమన్నవు, నేను ఉంచిన," అంది. "వాణ్ని తలుసుకుంటే నాకు సుత చేతులు గుంజుతున్నయ్. గానీ గిది నీ మాట. నువ్వియ్యకుండ నేనెట్ల తీస్కపోత?"

"మరి నా కాగితాలు?"

"అడిగితే ఉన్నదున్నట్టు చెప్దాం. తప్పుడు కాగితం పెట్టినోళ్ల మీద చెయ్యెయ్యొచ్చని ఏ చట్టంల లేదు."

అయినా నాకు ధైర్యం చాలలేదు. ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు. తర్వాత ఒక మధ్యాహ్నం, అమీర్‌పేట మెస్సులో నా బ్యాచ్ అమ్మాయి ఎదురుగా కూర్చుని, పెరుగన్నం కలుపుకుంటూ సంబరంగా చెప్పింది: "రేపు నాకు క్లయింట్ ఇంటర్వ్యూ. శ్రీనగర్ కాలనీలో." వెళ్లొద్దన్నాను. ఎందుకంది. చెయ్యి కడుక్కోకుండానే లేచి, ఆపా స్టేషన్ ఉన్న పంజాగుట్ట దాకా పరుగులాంటి నడక నడిచాను. ఆపా అప్పుడే డ్యూటీ దిగి బస్టాపులో నిలబడి ఉంది. అంతమంది చూస్తుండగా ఆ చున్నీ నేనే లాగేశాను.

"పక్కానా?" అంది.

"పక్కా ఆపా. పద."

చున్నీ మడిచి నా చేతిలో పెట్టింది. "పని అయ్యేదాంక నీ దగ్గరనే ఉంచు," అని, వచ్చిన దారినే స్టేషన్ వైపు తిరిగింది.

ఆ అమ్మాయి ఆ ఫ్లాట్‌కు వెళ్లాల్సిన అవసరం రాలేదు. ఆ పొద్దు గూకేలోపే వాణ్ని పట్టుకున్నారు. కేసు మాత్రం ఏళ్ల తరబడి నడిచింది. వాడి వకీలు నా దొంగ కాగితాలు కోర్టులో బయటపెట్టాడు. ఉన్నదున్నట్టు చెప్పాను. గుమ్మం దగ్గర ఖాకీలో ఆపా కనబడుతుంటే ఒక్క మాట కూడా మింగలేదు. శిక్ష పడ్డ రోజు చున్నీ తిరిగిచ్చాను. "మస్తు మాసింది. ఒక్కసారి సుత ఉతకలేదా?" అని తిట్టి, అక్కడే కప్పుకుని, "పా, ఆకలైతుంది," అంది.

మొన్న నేను వెళ్లేసరికి ఇల్లంతా ఆడవాళ్లే. కొందరిని గుర్తుపట్టాను, ముసలివాళ్లయ్యారు. మగవాళ్లు ఆమెను తీసుకుపోయాక ఎవరూ ఇళ్లకు కదల్లేదు. నేను గోడవారగా తిరుగుతూనే ఉన్నాను. మేకుకు ఖాకీ చొక్కా, దాని మీద ఇటుకరంగు చున్నీ, రాత్రి ఆమె తగిలించినట్టే ఉన్నాయి. చెల్లెలు బీదర్‌లో కాపురం ఉంటుంది, నాలుగు రోజులుండి పోదామని వచ్చింది, ఇక్కడి సంగతులేవీ తెలియవు. గది సర్దుతూ సర్దుతూ మేకు దగ్గర ఆగి, మామూలుగా అడిగింది.

"గీ చున్నీ ఉంచాల్నా, తియ్యాల్నా?"

గదిలో గుసగుసలు ఆగిపోయాయి. నా కాళ్లూ ఆగాయి. ఎవరం ఎవరి మొహంలోకీ చూడలేదు. "ఉంచు," అన్నాం అందరం.