బోనమెత్తని పాలవ్వ

శ్రావణంలో మొదటి మంగళవారం. నల్లా నీళ్ళు పట్టడం అయింది. పొయ్యి గట్టు కడగడం అయింది. పిల్లల డబ్బాలు సర్దడం అయింది. నిన్నటి బట్టలు మడతపెట్టడం అయింది. పాలు తెచ్చుకోవడం కాలేదు. గిన్నె పట్టుకుని గడప దాటబోతుంటే మా ఆయన ఎదురొచ్చి, "గిన్నె లోపల పెట్టు. పాలవ్వ పోయింది" అన్నాడు. తెల్లారి బర్రెలకు గడ్డి వేసి, పాక గోడకు ఆనుకుని కూర్చుందట. మళ్ళీ లేవలేదు.

గౌలిపురలో మా గల్లీ వాళ్ళకు ఆమె ఎవరో చెప్పనక్కరలేదు. బయటివాళ్ళ కోసం చెబుతున్నాను. గల్లీ వాళ్ళు కూడా చదవాలనే రాస్తున్నాను, ముఖ్యంగా మూలమీది ఇంటివాళ్ళు. పోయినవాళ్ళ గురించి మంచే రాయాలంటారు. బతికున్నవాళ్ళ గురించి అలాంటి నియమం ఉన్నట్టు నేను వినలేదు.

నేను కోడలిగా వచ్చేనాటికే ఆమెకు భర్త లేడు. బర్రెల పని అంతా ఒంటిచేత్తో చేసుకునేది. పాలు కొలిచేటప్పుడు మాట్లాడేది కాదు. కొలిచాక ఎప్పుడూ కొంచెం కొసరు పోసి, బర్రె తరఫున ఇస్తున్నట్టు, "ఇది బర్రె దిక్కుకెళ్ళి" అనేది. నా ఇద్దరు పిల్లలూ ఆ కొసరుతోనే పెరిగారు.

ఒక వానాకాలం మూలింటాయన కొడుకు, ఇంకా బడికి కూడా పోని పిల్లాడు, జ్వరంతో చనిపోయాడు. డెంగీ అని దవాఖానాలో డాక్టర్ చెప్పినప్పుడు మూలింటాయన పక్కన మా ఆయన ఉన్నాడు. ఇద్దరూ కలిసే విన్నారు. కానీ గల్లీలోకి వచ్చాక ఆ మాట మారిపోయింది. "ఆ పొద్దున ఆమె పాలే తాగిండు. నెత్తి మీద చెయ్యి పెట్టి, ఎంత ముద్దుగున్నవురా అన్నది. మొగుణ్ణి మింగింది సాలక నా కొడుకు మీద పడ్డది. బాణామతి చేసింది" అని మూలింటాయన నడి గల్లీలో నిలబడి అరిచాడు. అప్పటినుంచి ఆమె పేరు పోయి చేతబడి మాటే పేరై కూర్చుంది. ఆమె డబ్బా పట్టుకుని వస్తుంటే తల్లులు పిల్లల్ని లోపలికి లాక్కునేవారు.

బిడ్డ పోయిన దుఃఖం నిజమే. నేనూ తల్లినే. కానీ దుఃఖం వచ్చిన ప్రతివాళ్ళూ ఇంకొకరి బతుకు మీద రాయి వేయరు, అదీ నిజం తెలిసి.

గల్లీలో నేనొక్కదాన్నే పాలు మానలేదు. బయట హుస్సేనీ ఆలంలో ఒక చాయ్ హోటల్ భాయ్ మానలేదు. ఎవరో పోయి ఆయన చెవిన కూడా ఊదారట. "హమ్‌కు క్యా అమ్మా, దూధ్ అచ్ఛా హై, బస్" అని, పాలు బాగుంటే చాలన్నట్టు నవ్వి పంపేశాడని ఆమే చెప్పింది. నాకు మాత్రం నవ్వే అదృష్టం దక్కలేదు. నా కూతురి మొదటి పుట్టినరోజుకు మూలింటామె ఇల్లిల్లూ తిరిగి, ఆ ఇంట్లో పాయసం నోట పెట్టొద్దని చెప్పి వచ్చింది. ఒక్కరూ రాలేదు. నేను ఉప్పు పప్పులకే కాదు, మనుషులు చేసినవాటికీ లెక్క రాసుకునేదాన్ని. ఆ రోజుది కొట్టివేయకుండా ఉంచాను.

ఆషాఢం వచ్చింది. అదివరకు అమ్మవారికి ఎత్తే మా గల్లీ బోనం కుండలన్నిటిలో అన్నం పాలవ్వ పాలతోనే ఉడికేది. ఆ ఏడు అందరూ పాకెట్ పాలు తెచ్చుకున్నారు. మనుషులు పాలు మానేస్తే ఊరుకున్న పాలవ్వ, దీన్ని మాత్రం ఊరుకోలేదు. ఆదివారం ఆడవాళ్ళంతా తలమీద బోనాలతో బయలుదేరితే, ఆమె ఉత్త తలతో, ఉత్త చేతులతో వాళ్ళ వెనకే నడిచింది. పోచమ్మ గుడి ముందు నిలబడి, అమ్మవారితో "నా పాలు నీ కుండల పడొద్దని వీళ్ళంటే నువ్వు ఊకున్నవ్. మంచిది. నా పేరు నాకిచ్చేదాంక నీకు నా బోనం లేదు" అని తిరిగి వచ్చేసింది.

గల్లీ మలుపులో ఉన్న ఆ పోచమ్మ గుడి మా వంటింటి కిటికీకి ఎదురుగానే. మధ్యాహ్నం పాలు పోసి వచ్చాక ఆమె రోజూ అక్కడ ఆగేది. నేను బియ్యం ఏరుకుంటూ వినేదాన్ని.

"ఏందే, ఇనవడ్తలేదా? ఆ మూలింటోడు ఇంకో అంతస్తు ఏసిండు. నువ్వు జూస్తనే ఉన్నవ్. వాని నోరు పడిపోవాలెనని ఎన్నిసార్లు అడగాలె? నువ్వు గూడ వాని దిక్కేనా?"

ఒకసారి ఉండబట్టలేక కిటికీలోంచే అడిగాను. "దేవతతోని గట్ల మాట్లాడొచ్చునా అవ్వా?"

"ఇంకెవలతోని మాట్లాడాలె బిడ్డా? గల్లీల నాతోని మాట్లాడేది నువ్వొకదానివి, అదొకతి. నిన్ను తిడితె పాలు మానేస్తవ్."

నాకు చిన్నప్పటినుంచి చేతులు జోడించడం, కళ్ళు మూసుకోవడం మాత్రమే నేర్పారు. దేవత ముందు కోపంగా నిలబడవచ్చని, నిలబడ్డా ఆమె మనల్ని వెళ్ళగొట్టదని నేర్పింది పాలవ్వే. ఆ కిటికీ దగ్గర నేనూ మూలింటివాళ్ళ మీద నా వంతు అడగడం మొదలుపెట్టాను. నావి మెత్తటి కోరికలు కావు.

ఏళ్ళు గడిచాయి. ప్రతి ఆషాఢం ఆమె ఉత్త తలతోనే నడిచింది. గుడికి పోకుండా మాత్రం ఒక్కసారీ ఉండలేదు.

ఒక ఏడు డప్పులు జోరుగా మోగుతుండగా, గుడి ముందు ఆమె తిడుతూ తిడుతూనే ఊగిపోయింది. కొప్పు ఊడిపోయింది. మెట్టు రాయి మీద పడి లేచింది. ఆ లేచిన మనిషి మాకు తెలిసిన పాలవ్వ కాదు. ముసలివాళ్ళు వేపాకు నీళ్ళు చల్లి, ముఖాన పసుపు రాసి, పెద్ద బొట్టు పెట్టారు. "ముండమోసినామెకు బొట్టేంది" అని వెనక నుంచి మూలింటామె గొణిగింది. బొట్టు పెడుతున్న ముసలామె తిరిగి కూడా చూడలేదు. "ముండమోసినామె ఇంటికాడుంది. ఈడున్నది అమ్మ" అంది.

మా దగ్గర ఆనవాయితీ ఏమిటంటే, పూనకం వచ్చినామెను గల్లీ పెద్ద ఎదురుగా నిలబడి బోనం ముట్టిందా అని అడగాలి. ఆ ఏడు పెద్ద మూలింటాయనే. నిమ్మకాయల పళ్ళెం పట్టుకుని ముందుకు రాక తప్పలేదు.

"బోనం ముట్టిందా తల్లీ?"

"కుండల పాలు యాడియిరా?"

"పాకెట్ పాలు తల్లీ."

"నా వాకిట్ల బర్రెలున్నయి గదరా. గవెందుకు పొయ్యలే?"

ఆయన పళ్ళెంలో నిమ్మకాయలు సర్దాడు.

"తెప్పియ్యి. ముందుగాల నువ్వు తాగు. తాగినంక బతికుంటె అందర్కి పొయ్యి."

తేవడానికి నేనే పోయాను. ఇంట్లో ఉన్నవాటిలో పెద్ద చెంబు వెతికి, పాలవ్వ పాకలోంచి అంచుదాకా నింపుకుని వచ్చాను. గల్లీ అంతా చూస్తుండగా మూలింటాయన ఆ చెంబెడు పాలూ తాగాడు. సగం చొక్కా మీదికి కారాయి. నా పెళ్ళిలో కూడా నేను అంత తృప్తిగా నిలబడి చూసింది లేదు. బతికే ఉన్నాడు. ఆ మాటకొస్తే నాకు కొంచెం నిరాశే. తర్వాత అందరూ వరసగా దోసిళ్ళు పట్టారు.

ఆ రోజునుంచి గల్లీ ఆమెను అమ్మ అనే పిలిచింది. పసుపు, బొట్టు, చేతినిండా గాజులు మళ్ళీ వచ్చాయి. నేను మాత్రం పాలవ్వ అనడం మానలేదు, ఆమె మానమనలేదు. మెట్టు మీద పడ్డ కాలు మాత్రం బాగుపడలేదు. చివరిదాకా కుంటుతూనే పాలు పోసింది. "కాలు అది తీస్కున్నది, పేరు నాకిచ్చింది" అనేది.

"నిజం చెప్పవ్వా. ఆ పొద్దు పాలు అడిగింది అమ్మవారా, నువ్వా?" అని ఒకసారి అడిగాను.

ఆమె బర్రె పొదుగు కడగడం ముగించింది. "ఎవలకెరుక బిడ్డా. ఇన్నేండ్లు ఒకల జుట్టు ఒకలం పట్టుకుంటిమి. ఆఖర్కి ఏ చెయ్యి ఎవలదో తెల్వకుంట అయింది."

మంగళవారాల్లో ఆమె వాకిట్లో బొట్టు పెట్టించుకోవడానికి వరస కట్టేవారు. అందులో మూలింటాయనా ఉండేవాడు, తలవంచుకుని. నాకు ఒళ్ళు మండేది. "వానికెట్ల పెడ్తవవ్వా?" అంటే, "పెట్టేది నేను గాదు బిడ్డా. నేనైతె వాని కండ్లల్ల కారం గొడుదు" అని, పళ్ళు లేని నోటితో తృప్తిగా నవ్వేది.

ఆ వరసలో మూలింటామె ఎన్నడూ నిలబడలేదు. అంతా నాటకమంది. పాత మాటను తలుపుల వెనక బతికిస్తూనే వచ్చింది.

ఇక ఈ మంగళవారం సంగతి. పాలవ్వకు స్నానం చేయించేటప్పుడు ఆడవాళ్ళలో మూలింటామె కూడా వచ్చి నిలబడింది. కొత్త చీర కట్టి బొట్టు పెట్టాక, నేను గాజుల కోసం లోపలికి పోయి వచ్చేసరికి, మూలింటామె తడిగుడ్డతో ఆ నుదురు తుడిచేసింది. "మొగుడు సచ్చినామె మొగుడు సచ్చినామె లెక్కనే పోవాలె. ఆచారం" అంది. చావింట్లో తగువెందుకని అందరికీ ఉంటుంది.

పాడె మీద పడుకోబెట్టారు. డప్పు మొదలైంది. నలుగురు వంగారు. నేను పోయి పాడె కాళ్ళవైపు కూర్చుని, రెండు చేతులతో వెదురును పట్టుకున్నాను.

"లేపకుండ్రి. బొట్టు లేకుంట అమ్మ పోదు."

"ఎండ ఎక్కుతున్నదమ్మా" అన్నాడు ముందున్నతను. "లెవ్వు, మంచిగుండదు" అన్నాడు మా ఆయన. నేను మూలింటామెనే చూస్తున్నాను.

"తుడిచిన చెయ్యే పెట్టాలె. పెట్టేదాంక నేనిడువ."

"నాతోని గాదు" అందామె.

"అక్కా, ఇన్నేండ్లు మీరు ఒక్కటే మాట అనుకుంట వచ్చిండ్రు. నేను ఇనుకుంట వచ్చిన. ఇయ్యాల మిమ్మల్ని ఏ మాట అడుగుతలే. బొట్టు పెట్టుండ్రి, సాలు."

డప్పు ఆగిపోయింది. చివరికి కుంకుమ భరిణె తీసి ఆమె చేతిలో పెట్టింది మూలింటాయనే. "పెట్టవే" అన్నాడు నేల చూస్తూ. "అమ్మకు పెట్టు."

ఆమె వంగి కందిబద్దంత పెట్టింది.

"గంత గాదక్కా. అమ్మ బొట్టు ఎంతుంటదో గల్లీ అంతా ఎరుక."

మళ్ళీ వంగింది. బొటనవేలితో గుండ్రంగా తిప్పుతూ, తిప్పుతూ, నిండా పెట్టింది. అప్పుడు నేను వెదురు వదిలాను. పాడె లేచింది.

గల్లీ మలుపు తిరిగేదాకా చూసి ఆడవాళ్ళు ఎవరింటికి వాళ్ళు కదిలారు. మూలింటామె మాత్రం నడి గల్లీలో అలాగే నిలబడిపోయింది, ఎర్రటి బొటనవేలిని చీరకు తగలకుండా దూరంగా పట్టుకుని. కొంగుకు తుడుచుకోలేదు. ఇంట్లోంచి ఎవరో పిలిచినా కదల్లేదు. దూరమవుతున్న డప్పు వైపు చూస్తోంది, మళ్ళీ తన వేలు చూసుకుంటోంది. లోపలికి పోయే ముందు కాళ్ళు కడుక్కోవడానికి తీసుకున్న నీళ్ళ చెంబు నా చేతిలో ఉంది. ఇంకెవరైనా అయితే ఆ వేలి మీద పోసేదాన్నే.

లోపలికి వచ్చి తలుపు వేసుకున్నాను. ఆ ఇంటి బాకీ తీరింది.