రుక్మిణమ్మగారు వద్దన్న నీళ్ళు

పోయిన వారం ఎమ్మిగనూరు బస్టాండులో దిగగానే ఉడకబెట్టిన శెనక్కాయల వాసన తగిలింది. ఉప్పునీటి ఆవిరి, తొక్కలకంటిన తడిమన్ను కలిసిన వాసన. కొనకుండానే ముందుకు నడిచాను. రుక్మిణమ్మగారు పోయారని తెలిసి ఆమె పిల్లలను పలకరించడానికి వెళుతున్నాను. ఎనభైల మొదట్లో ఆదోనిలో ఒక ఆడపిల్లల బడికి ఆమె హెడ్‌మిస్ట్రెస్, నేను కొత్తగా చేరిన తెలుగు టీచరును. ఏటా దసరా సెలవుల్లో బడిలో పనిచేసే ఆడవాళ్ళమంతా ఒక వ్యాను మాట్లాడుకుని రెండురోజులు ఎక్కడికైనా పోయేవాళ్ళం. బయల్దేరే పొద్దున ఆమె ఒళ్ళో సంచీడు శెనక్కాయలు ఉండేవి. ఊరు దాటేలోపు అందరి చేతుల్లోకీ వచ్చేవి.

ఎక్కడికి పోవాలన్నది మాత్రం ఆమె అంత తేలిగ్గా తేల్చేవారు కాదు. నేను చేరిన ఏడు ఒక కొండమీది సత్రానికి వెళ్ళాం. మంచు, పచ్చటి లోయ, కిటికీలోంచి జలపాతం. నేను అంతవరకూ అంత అందం చూడలేదు. భోజనాల వేళ సత్రం మనిషి మా ఆయా ఎస్తేరమ్మను వెనక మెట్లమీద కూర్చోమన్నాడు. రుక్మిణమ్మగారు తన విస్తరి ఎత్తుకుని పోయి మెట్లమీద ఎస్తేరమ్మ పక్కన కూర్చున్నారు. ఒకరి తరువాత ఒకరం మేమూ లేచాం. డ్రాయింగు టీచరు షంషాద్ మాత్రం, "అరె, జలపాతం ఇక్కణ్ణించే బాగా కనపడుతుంది మేడం, ఇంతసేపూ లోపల ఏం చేస్తున్నాం?" అని అందరినీ నవ్వించింది. మరుసటి ఏడు స్టాఫ్‌రూములో ఎవరో ఆ కొండ పేరెత్తితే రుక్మిణమ్మగారు, "కొండ తప్పేం లేదు. ఆ కొండ చూపించేవాళ్ళ దగ్గరికి నేను రాను" అన్నారు.

అప్పుడే నేను కొత్త ప్రాజెక్టు మాట ఎత్తాను. నది మీద ఆనకట్ట కట్టాక రెండు కొండల నడుమ నీళ్ళు సముద్రంలా నిలిచాయనీ, పడవలు కూడా తిరుగుతున్నాయనీ విన్నాను. వీధికుళాయి దగ్గర బిందెలు వరుసపెట్టి కాచుకునే ఊరు మాది. మాకు అందమైన చోటంటే నీళ్ళున్న చోటే. షంషాద్ చేయెత్తింది, మిగతావాళ్ళూ ఎత్తారు. రుక్మిణమ్మగారు తల అడ్డంగా ఊపారు.

"ఆ నీళ్ళ కింద ఎస్తేరమ్మ ఊరుంది. ఇండ్లు పడగొట్టి లారీల్లో ఎక్కించి పంపినారు వాళ్ళను. దాని మీద పడవెక్కి తిరిగేది నాకు చేతకాదు."

నాకు సిగ్గు వేసింది. లోపల కోపమూ వచ్చింది. ఈమె రాజకీయం ఏ అందాన్నీ నిమ్మళంగా చూడనీయదు, అనుకున్నాను.

టీ గ్లాసులు తీసుకుపోవడానికి వచ్చిన ఎస్తేరమ్మ గుమ్మంలోనే నిలబడిపోయింది.

"నన్ను అడిగినారామ్మా?" అంది.

రుక్మిణమ్మగారు తలెత్తారు.

"మా యమ్మను పూడ్సింది ఆణ్ణే. నీళ్ళొచ్చినంక ఒక్కసారన్నా సూడలేదు. ఒక్కదాన్నే యాడికని పోయేది? మీరు పోతాండారంటే ఎనక సీట్లో కూర్సోని వద్దామనుకున్యా. మీరేమో నా పేరు సెప్పి వద్దంటాండారు."

మా బడిలో హెడ్‌మిస్ట్రెస్‌తో అలా మాట్లాడినవాళ్ళు లేరు. రుక్మిణమ్మగారు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. "తప్పు నాదే ఎస్తేరమ్మా. నీ కోసమని వద్దన్నా, నిన్ను అడగలేదు" అన్నారు మా అందరి ముందూ. తరువాత నావైపు తిరిగి, "వ్యాను మాట్లాడమ్మా. ఎస్తేరమ్మ ముందు సీట్లో కూర్చుంటుంది" అన్నారు.

పడవలో ఎస్తేరమ్మ చాలాసేపు అటూ ఇటూ చూసింది. ఎటు చూసినా ఒకే నీళ్ళు. గుడి గోపురమో చర్చి గోడో కనిపిస్తుందని నేను వెతుకుతున్నాను. ఏమీ లేవు. చివరికి ఆమె నీటిపైకి తేలిన ఒక బోడిగుట్ట గుర్తుపట్టింది. "మా మ్యాకలు మేసేది ఆ గుట్టమీదనే. మా యమ్మ దాని కిందుగా ఉండాది." పడవవాడు తెడ్డు ఆపాడు. ఆమె చీర కొంగులోంచి రెండు బంతిపూలు తీసి నీళ్ళలో వదిలింది. అవి మునగలేదు, పడవ పక్కనే ఊగుతూ ఉండిపోయాయి. రుక్మిణమ్మగారు ఆమె భుజం మీద చేయి వేశారు.

"నీళ్ళు శానా బాగుండాయి కదమ్మా," అంది ఎస్తేరమ్మ.

రుక్మిణమ్మగారు ఊగుతున్న ఆ పూలవైపు చూశారు. "బాగుండాయి" అన్నారు మెల్లగా.

తరువాత నేనూ హెడ్‌మిస్ట్రెస్‌నయ్యాను. ఎన్నో చోట్లకు వద్దన్నాను, కొన్నిటికి పోదామన్నాను. ఏ ఊరి పేరొచ్చినా అక్కడ ఎవరికి అన్యాయం జరిగిందో అడిగేవాళ్ళు ఇప్పుడు చాలామందే ఉన్నారు, నేనూ అడుగుతాను. కానీ 'వద్దు' అన్న మాట నోటికి వచ్చేముందు, బల్లమీద పెట్టిన ఆ కళ్ళజోడూ, అది లేని రుక్మిణమ్మగారి ముఖమూ గుర్తొస్తాయి. అప్పుడు లేచి పోయి, ఎవరి పేరు చెప్పబోతున్నానో వాళ్ళను వెతుక్కుంటాను.