ఆపడం, తగ్గించడం

విమానాశ్రయంలో ఆమెను అందరూ తాళాలక్క అంటారు. రన్‌వే అంచు దీపాలు బిగించడం, బాగుచేయడం ఆమె పని. పంతొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా, కరెంటు గదిలో స్విచ్చు ఆపి, దానికి తన ఎర్ర తాళం వేసి, చెవి జేబులో వేసుకోకుండా ఏ తీగనూ ముట్టుకోలేదు. ఇంట్లో మిక్సీ తుడవాలన్నా ప్లగ్గు పీకి చంకలో పెట్టుకుంటుందని భర్త వేళాకోళం చేస్తాడు. ఆమె కాదనదు.

ఆ రోజు సాయంత్రం నాలుగింటికి తనిఖీ. రెండు దీపాలు వెలగడం లేదు. వాటి కింద గోతుల్లోని చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు మార్చాలి. మూడింటికి రన్‌వే మూసి ఆమెకు ఇచ్చారు. వెంట వచ్చిన సూపర్‌వైజర్ కొలువులో చేరి తొమ్మిది రోజులే అయింది.

గోతి మూత తీసి ఏం మార్చాలో చూసుకున్నాక, స్విచ్చు ఆపి రావడానికి ఆమె జీపు వైపు నడవబోతే సూపర్‌వైజర్ అడ్డుపడ్డాడు.

"ఇప్పుడు తాళమంటూ రెండు కిలోమీటర్లు వెనక్కి వెళ్తే తెల్లారినట్టే అక్కా! టవర్‌తో మాట్లాడాను. ఆపేశారు. కానివ్వండి."

"ఆపేశాం అన్నారా?"

"తగ్గించాం అన్నారు. ఏదైతేనేం? చూడండి, వరసలో ఒక్కటైనా వెలుగుతోందా?"

నిజమే. ఆ ఎండలో వరసంతా ఆరిపోయినట్టే ఉంది.

"సార్, మీ టోపీ ఒకసారి ఇస్తారా?"

"ఎండగా ఉందా?"

"నాక్కాదు, దీపానికి."

పక్క దీపం మీద టోపీ బోర్లించి అంచు కాస్త ఎత్తింది. ఆయన మోకాళ్ల మీద వంగి తొంగి చూశాడు. లోపల నిప్పుకణికలా ఎర్రగా ఉంది.

"ఇది వెలుగుతోందే!"

"దీపాలన్నీ ఒకే దండ సార్. వెలగనిదాని కింద తీగలోనూ ఇదే కరెంటు. మధ్యలో విప్పితే అది ఊరుకోదు, ఎలాగోలా దాటాలని చూస్తుంది. మన చేతుల మీదుగా అయినా సరే." ఆమె పక్కకు జరిగింది. "తొందరగా ఉంటే మీరే విప్పండి. నేను టోపీ పట్టుకుంటా."

ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "జీపెక్కండి" అన్నాడు.

కరెంటు గదిలో ఆమె స్విచ్చు ఆపి తాళం వేసింది.

"మీరిక్కడే కూర్చోండి సార్. ఎవరైనా వచ్చి వేసేస్తే?"

తాళం పడ్డాక కాపలా అక్కర్లేదని ఆమెకు తెలుసు. ఆయనకింకా తెలియదు. ఖాళీ డబ్బా ఒకటి లాక్కుని కూర్చున్నాడు. అయిదు నిమిషాలకోసారి ఆయన చేతిలోని రేడియో మోగింది, రన్‌వే మీది నుంచి ఆమె.

"సార్, తాళం ఉందా?"

"ఉందక్కా."

"లాగి చూశారా?"

రేడియోలో తాళం లాగిన చప్పుడు. "ఇప్పుడు చూశా."

ఆమె మీటరు పెట్టి కరెంటు లేదని తేల్చుకున్నాకే చెయ్యి పెట్టింది. నాలుగింటికి పది నిమిషాలుందనగా తిరిగి వచ్చి, తాళం తీసి, స్విచ్చు వేసింది. రెండూ వెలిగాయని టవర్ చెప్పింది.

సూపర్‌వైజర్ చెమట తుడుచుకుంటూ డబ్బా మీద నుంచి లేచాడు.

"ఒక్కరు కూడా ఇటు రాలేదక్కా" అన్నాడు గర్వంగా.

"మీరున్నారనే సార్" అంది తాళాలక్క.