ఘాటు మీద నెపం

మిరప కల్లంలో కూర్చున్నాక తుమ్మని మనిషంటూ ఉండడు. అందుకే నా ముక్కులోంచి నెత్తురు కారినప్పుడు ఎవరూ కంగారుపడలేదు. నా పక్కనే రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్న తోటికోడలు, "ఘాటు పట్టిందిలే అక్కా, కాస్త కొబ్బరినూనె పూసుకో" అంది. పూసుకున్నాను. సీజనంతా పూసుకుంటూనే ఉన్నాను. కాయలన్నీ అమ్మకానికి మిర్చి యార్డుకెళ్లి, కల్లం ఖాళీ అయి నెల దాటినా నెత్తురు ఆగలేదు. అప్పుడైనా అనుమానం రావద్దూ? రాలేదు, నా బుద్ధి కాల!

తర్వాత కాళ్ల మీద ఎర్రటి మచ్చలు లేచాయి. మూత్రం డికాషన్ రంగులో వచ్చింది. గుంటూరులో డాక్టరమ్మ రకరకాల పరీక్షలు చేయించి, కిడ్నీలోంచి చిన్న ముక్క తీయించి, వాస్కులైటిస్ అని తేల్చింది. అరుదైన జబ్బట. అంతే చెప్పి ఊరుకుంటే నాకు ఒళ్లు మండింది.

"నాకు అర్థమయ్యేదాకా ఈ కుర్చీలోంచి లేవనండి" అన్నాను.

ఆవిడ నవ్వి, కాగితం మీద సన్నటి గీతలు గీసింది. "ఇవి నీ రక్తనాళాలమ్మా. ఒంటిని కాపాడాల్సిన శక్తే వీటి మీద పడింది. అవి వాచి, పగులుతున్నాయి. ముక్కులో, కాళ్లలో, కిడ్నీలో అంతా ఒకటే జబ్బు. కిడ్నీలు సగమే పనిచేస్తున్నాయి. మందులు మానావో, ఆ సగమూ దక్కదు."

"ఘాటు వల్లేనాండీ?"

"ఎందుకొస్తుందో మాకూ పూర్తిగా తెలీదు. ఘాటు అనుకుని ఇన్నాళ్లు ఆగావు చూడు, అదే కొంప ముంచింది."

మిగిలిన సగాన్ని పోగొట్టుకోకూడదని ఆ రోజే గట్టిగా అనుకున్నాను. మందులకి మొహం ఉబ్బితే, "బాగా ఒళ్లు చేశావే!" అని కల్లంలో ఎగతాళి చేశారు. చేసుకోనీ. ఒక్క పూట మాత్ర మానలేదు.

మొన్న సీజన్లో, మూతికి గుడ్డ కట్టుకుని కాయలు ఏరుతుంటే మళ్లీ నెత్తురు చుక్క కనబడింది.

"ఘాటేలే అక్కా. ఈ రాశి అయ్యాక చూసుకుందువు" అంది తోటికోడలు.

"ఘాటో జబ్బో పరీక్ష చెబుతుంది, నువ్వు కాదు" అని చీర దులుపుకుని బస్సెక్కాను. జబ్బే. మళ్లీ తలెత్తుతోంది. కానీ వేళకి వచ్చానని, కిడ్నీలకి కొత్తగా దెబ్బ తగల్లేదని డాక్టరమ్మ చెప్పింది. అక్కడే ఏడ్చేశాను.

ఇంటికొచ్చి ఆ మాట తోటికోడలికి చెప్పాను. ఆ సీజను కాయలు ఎత్తేసిన వారానికి, కల్లంలో పనిచేసిన ఆడవాళ్లందరి ఇళ్లకీ తనే తిరిగింది. ప్రతి గుమ్మంలోనూ నిలబడి ఒకే మాట అడిగింది.

"ఏమే, కల్లం ఎత్తేశాం గదా, నీ ముక్కు కారడం ఆగిందా లేదా?"